నిద్ర జబ్బుకి నిద్రమందా?

రాత్రి ఒంటిగంటన్నర. డాలస్‌లో ఉండే మా అక్క ఫోన్‌లో అలారం మోగుతుంది. తను కళ్ళు సగమే తెరిచి, మంచం పక్కనున్న చిన్న డబ్బా మూత తీసి, ఉప్పగా ఉండే మందు తాగేసి మళ్ళీ పడుకుంటుంది. పది నిమిషాల్లో గాఢనిద్ర. సరిగ్గా అప్పుడు మనకి మధ్యాహ్నం 12. మనం క్యాంటీన్ లైన్‌లో టోకెన్ పట్టుకుని నిలబడి ఉంటాం.

అర్ధరాత్రి అలారం పెట్టుకుని మరీ తాగేది ఏం మందో తెలుసా? నిద్రమందు. మా అక్కకున్న జబ్బేంటో తెలుసా? పగలంతా నిద్ర ఆగకపోవడం!

మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. నిద్ర ఎక్కువైనవాళ్ళకి నిద్రమందు ఇవ్వడమేంటి, షుగర్ ఉన్నవాళ్ళకి లడ్డూ పెట్టినట్టు? తర్వాత చదువుతూ పోతే లాజిక్ అర్థమైంది. దాంతోపాటు ఇంకోటి కూడా అర్థమైంది. ఈ మందు పద్ధతిగా వాడితే జీవితాన్ని తిరిగి ఇస్తుంది, పద్ధతి తప్పితే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ వ్యాసం రాస్తానంటే అక్క ఒకటే షరతు పెట్టింది. "నా పేరు వద్దురా. మందు గురించి మాత్రం సరిగ్గా రాయి. సగం సగం రాయకు."

బద్ధకం కాదు, నార్కొలెప్సీ

అక్క ఇంటర్ చదివే రోజుల్లో స్టడీ అవర్స్‌లో నిద్రపోతోందని రోజూ నిలబెట్టేవారట. నిలబడి కూడా నిద్రపోయేది. ఇంట్లో అందరం "కుంభకర్ణుడి చెల్లెలు" అనేవాళ్ళం. "కుంభకర్ణుడి చెల్లెలు శూర్పణఖ, ముందు రామాయణం చదవండి" అని తను తిరిగి జోకేసేది. ఇంకో విచిత్రం ఉండేది. ఎవరైనా బాగా నవ్విస్తే తనకి మోకాళ్ళు మెత్తబడిపోయేవి, చేతిలో ప్లేటు జారిపోయేది. మేమంతా యాక్టింగ్ అనుకున్నాం. అసలు పేరు తెలిసేసరికి అక్కకి 27 ఏళ్ళు.

ఈ జబ్బుకి నార్కొలెప్సీ అనే పేరు 1880లో ఫ్రెంచ్ వైద్యుడు జెలినో పెట్టాడు. గ్రీకులో "నార్కె" అంటే మొద్దుబారడం, "లెప్సిస్" అంటే పట్టుకోవడం. మన భాషలో "నిద్ర పట్టడం" అంటాం కదా, ఇక్కడ నిజంగానే నిద్ర మనిషిని పట్టేసుకుంటుంది. సుమారు 2000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ముఖ్య లక్షణాలు ఐదు.

మొదటిది, పగటిపూట ఆపుకోలేని నిద్ర. రెండోది కేటాప్లెక్సీ: నవ్వు, ఆశ్చర్యం, కోపం లాంటి బలమైన భావం కలగగానే కండరాలు హఠాత్తుగా పట్టు తప్పడం. ఆ సమయంలో స్పృహ ఉంటుంది, అన్నీ వినబడతాయి, ఒళ్ళు మాత్రం మాట వినదు. మూడోది, నిద్రలోకి జారేటప్పుడో లేచేటప్పుడో కాసేపు కదల్లేకపోవడం. మన ఊళ్ళలో "దెయ్యం గుండెల మీద కూర్చుంది" అనేది దీన్నే. నాలుగోది, నిద్ర అంచున నిజంలా కనిపించే భ్రమలు. ఐదోది చాలామందికి తెలియనిది: రాత్రి నిద్ర ముక్కలు ముక్కలవడం.

ఈ ఐదూ అందరికీ ఉండాలని లేదు. కేటాప్లెక్సీ ఉన్న రకాన్ని టైప్ 1 అనీ, లేని రకాన్ని టైప్ 2 అనీ అంటారు.

ఆ ఐదో లక్షణం గుర్తుపెట్టుకోండి. మన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. 24 గంటల లెక్క తీస్తే ఈ జబ్బున్నవాళ్ళు మనకన్నా మరీ ఎక్కువేమీ నిద్రపోరు. వాళ్ళ నిద్ర రాత్రి ఉండాల్సిన చోట ఉండకుండా రోజంతా చెల్లాచెదురుగా పడి ఉంటుంది, అంతే.

మెదడులో ఒక ఫ్లిప్-ఫ్లాప్

డీఎల్‌డీ క్లాసులో ఎస్‌ఆర్ లాచ్ గీశాం గుర్తుందా? రెండు గేట్లు, ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాన్ని అణిచేస్తుంది. అందుకే ఎప్పుడూ ఏదో ఒక స్థితిలోనే గట్టిగా నిలబడుతుంది, మధ్యలో వేలాడదు. అమెరికాకి చెందిన న్యూరాలజిస్ట్ క్లిఫర్డ్ సేపర్, ఆయన సహచరులు 2001లో మెదడులో నిద్ర-మెలకువల స్విచ్ కూడా ఇలాగే ఉంటుందని ప్రతిపాదించారు. వాళ్ళు వాడిన మాట కూడా ఫ్లిప్-ఫ్లాపే. మెలకువ కణాలు నిద్ర కణాల్ని అణిచేస్తాయి, నిద్ర కణాలు మెలకువ కణాల్ని అణిచేస్తాయి.

ఈ స్విచ్‌ని మెలకువ వైపు గట్టిగా పట్టి ఉంచే వేలు ఒకటుంది. దాని పేరు ఒరెక్సిన్, దాన్నే హైపోక్రెటిన్ అని కూడా అంటారు. 1998లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనిపెట్టాయి కాబట్టి రెండు పేర్లు మిగిలిపోయాయి. మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, ఒరెక్సిన్ తయారుచేసేవి సుమారు 70 వేలు మాత్రమే. అవన్నీ హైపోథాలమస్ అనే చిన్న భాగంలో ఉంటాయి. టైప్ 1 నార్కొలెప్సీలో ఈ కణాలు దాదాపుగా నశించిపోతాయి. మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున వాటి మీద దాడి చేస్తుందని చాలా ఆధారాలు సూచిస్తున్నాయి.

వేలు తీసేశాక స్విచ్ ఏమవుతుంది? డీబౌన్స్ చేయని పుష్ బటన్ లాగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. పగలు మెలకువలోంచి ఠపీమని నిద్రలోకి, రాత్రి నిద్రలోంచి ఠపీమని మెలకువలోకి. మామూలుగా నిద్రపోయిన గంటన్నరకి వచ్చే రెమ్ నిద్ర, అంటే కలల నిద్ర, వీళ్ళకి నిమిషాల్లోనే వచ్చేస్తుంది. రెమ్ నిద్రలో మనం కలల్లో పరిగెత్తినా మంచం మీంచి లేవకుండా ఒళ్ళంతా పట్టు వదిలేసి ఉంటుంది. ఆ ఏర్పాటు మెలకువలో చొరబడితే అదే కేటాప్లెక్సీ.

మరి నిద్రమందు ఏం చేస్తుంది?

అక్క వాడే మందు పేరు సోడియం ఆక్సిబేట్. రాత్రి నిద్రని ఒక ముద్దగా కలపడం, ముఖ్యంగా గాఢనిద్ర దశని పెంచడం దీని పని. మెదడులో గాబా-బి అనే గ్రాహకాల ద్వారా పనిచేస్తుందని భావిస్తున్నారు. రాత్రి నిద్ర కుదుటపడితే పగటి కేటాప్లెక్సీ ఎందుకు తగ్గుతుందో శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ తగ్గుతుందని ట్రయల్స్‌లో రుజువైంది. అమెరికాలో ఎఫ్‌డీఏ దీన్ని 2002లో కేటాప్లెక్సీకి, 2005లో పగటి నిద్రమత్తుకి, 2018లో 7 ఏళ్ళు దాటిన పిల్లలకి కూడా అనుమతించింది. మొదటి బ్రాండ్ పేరు జైరెమ్.

ఇది జబ్బుని నయం చేయదు. పోయిన ఒరెక్సిన్ కణాలు తిరిగి రావు. పగలు మెలకువగా ఉంచే మొడాఫినిల్ లాంటి మందులు కూడా చాలామందికి దీంతోపాటు ఇస్తారు. ఎవరికి ఏది అన్నది స్లీప్ స్పెషలిస్టే తేల్చాలి.

ఈ మందుకి ఇంకో మొహం

సోడియం ఆక్సిబేట్ అంటే జీహెచ్‌బీ అనే పదార్థపు సోడియం లవణం. జీహెచ్‌బీ మన మెదడులో కూడా సహజంగా అతికొద్దిగా ఉంటుంది. 1960 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆన్రీ లాబొరీ దీన్ని మత్తుమందుగా పరిశోధించాడు. 1980ల్లో అమెరికాలో కండలు పెంచే సప్లిమెంట్ అని షాపుల్లో అమ్మారు. జనం స్పృహతప్పి ఆసుపత్రుల పాలయ్యాక 1990లో ఎఫ్‌డీఏ ఆ అమ్మకాల్ని ఆపింది. రంగు, వాసన లేకపోవడంతో ఎదుటివాళ్ళ డ్రింక్‌లో కలిపి అత్యాచారాలకి వాడిన నేరాలు బయటపడ్డాయి. 2000లో అక్కడి చట్టం దీన్ని అత్యంత కఠినమైన షెడ్యూల్ 1లో పెట్టింది. డాక్టర్ రాసిచ్చే అనుమతి పొందిన మందు మాత్రం షెడ్యూల్ 3లో ఉంటుంది. అణువు ఒకటే, చట్టంలో చోటు రెండు.

అందుకే అక్కడ ఇది మామూలు మెడికల్ షాపులో దొరకదు. డాక్టర్, రోగి, ఫార్మసీ ముగ్గురూ ఒక భద్రతా ప్రోగ్రామ్‌లో నమోదు కావాలి. నమోదైన ఫార్మసీ నుంచి మందు నేరుగా ఇంటికొస్తుంది. దాని మీద అతి గట్టి హెచ్చరిక ఒకటి ఉంటుంది: ఇది కేంద్ర నాడీమండలాన్ని అణిచేస్తుంది, శ్వాస మందగించవచ్చు, దుర్వినియోగం అయితే కోమా, మరణం కూడా సంభవించవచ్చు.

అక్క రాత్రి: ఒక్కో స్టెప్, దాని వెనక కారణం

ఇవి అక్కకి డాక్టర్ చెప్పిన పద్ధతులు, మందు లేబుల్ మీద ఉన్నవే. జబ్బు అర్థం కావడానికి రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ సొంతంగా డోసులు లెక్కేసుకోకండి.

*భోజనానికి, మందుకి కనీసం 2 గంటల తేడా.* కడుపులో తిండి ఉంటే, ముఖ్యంగా కొవ్వు పదార్థాలుంటే, మందు ఒంటికి తక్కువ పడుతుంది. ఒకరోజు బిర్యానీ మీద, ఒకరోజు ఖాళీ కడుపుతో తాగితే అదే డోసు రెండు రకాలుగా పనిచేస్తుంది. అక్కడ మన తెలుగువాళ్ళ ఫంక్షన్లలో భోజనాలు పదింటికిగానీ మొదలవ్వవు. అక్క ఏడున్నరకే ఇంట్లో తినేసి వెళ్తుంది. "మా వంట నచ్చలేదా వదినా" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నవ్వి ఊరుకుంటుంది. ఇప్పుడు నవ్వగలదు కూడా!

*రెండు డోసులూ పడుకునే ముందే సిద్ధం.* ఫార్మసీ ఇచ్చిన కొలత సిరంజితోనే తీసి, రెండు చిన్న డబ్బాల్లో వేసి, ఒక్కోదాన్లో పావు కప్పు నీళ్ళు కలుపుతుంది. వంటింటి స్పూన్లతో కొలవకూడదు. మొదటి డోసు తాగాక మనిషి కొలిచే స్థితిలో ఉండదు కాబట్టి రెండోది కూడా ముందే కలపాలి. కలిపినదాన్ని 24 గంటల్లోపే వాడాలి, మిగిలితే పారేయాలి.

*మంచం మీద కూర్చునే తాగాలి, తాగగానే పడుకోవాలి.* ఇది అక్క అనుభవం మీద నేర్చుకున్న పాఠం. మందు మొదలుపెట్టిన రెండో నెలలో వంటింట్లో తాగేసి, తలుపు వేశానా లేదా అని చూడ్డానికి వెళ్ళింది. హాల్లోనే పడిపోయింది, కనుబొమ్మ పగిలి మూడు కుట్లు పడ్డాయి. ఈ మందు తలుపు గొళ్ళెం దాకా కూడా టైమ్ ఇవ్వదు. ఇప్పుడు బ్రష్ చేయడం, తాళం వేయడం, బాత్రూమ్‌కి వెళ్ళడం, ఫోన్ చూడ్డం అన్నీ అయ్యాకే మూత తీస్తుంది.

*రెండో డోసు రెండున్నర నుంచి 4 గంటల మధ్య.* ఈ మందు సగం ఖర్చవడానికి అరగంట నుంచి గంట చాలు. అంత త్వరగా దిగిపోతుంది కాబట్టే రాత్రిని రెండు ముక్కలు చేసి ఇస్తారు. అక్క మొదటి డోసు పదిన్నరకి, రెండోది ఒంటిగంటన్నరకి.

*రెండోది మిస్సయితే వదిలేయాలి.* మనకి కోడ్‌లో రిక్వెస్ట్ ఫెయిలైతే రీట్రై చేయడం అలవాటు. ఇక్కడ రీట్రై లేదు. రెండు డోసులు కలిపి ఒకేసారి తాగడం అసలే లేదు. "తాగానా లేదా?" అని డౌట్ వస్తే డబ్బా చూస్తే చాలు. ఖాళీగా ఉంటే తాగినట్టే. రెండు డబ్బాల పద్ధతి నిజానికి ఒక ఫ్లాగ్ వేరియబుల్. నిద్రమత్తులో మెమరీని నమ్మొద్దు, ఫ్లాగ్‌ని నమ్మాలి.

*తాగిన తర్వాత కనీసం 6 గంటలు డ్రైవింగ్ వద్దు.* అంటే అక్కకి ఏడున్నర దాకా స్టీరింగ్ ముట్టుకునే పని లేదు. ఆ తర్వాత కూడా మత్తుగా అనిపిస్తే బావే కారు తీస్తాడు.

*డోసు మెల్లగా పెంచాలి.* పెద్దవాళ్ళకి సాధారణంగా రాత్రికి మొత్తం 4.5 గ్రాములతో, రెండు సగాలుగా మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచుతారు. చాలామందికి 6 నుంచి 9 గ్రాముల మధ్య కుదురుతుంది, 9 దాటకూడదు. కాలేయ సమస్య ఉన్నవాళ్ళకి సగంతో మొదలుపెడతారు. ఫలితం కనిపించడంలేదని మనమే పెంచుకోవడం, బాగుందని మనమే ఆపేయడం రెండూ తప్పే.

*తాళం.* అక్కకి నాలుగేళ్ళ బాబు. నీళ్ళలా కనిపించే మందు, పిల్లాడు మంచినీళ్ళనుకుంటే? సీసా తాళం వేసిన అరలో ఉంటుంది, డబ్బాలకి పిల్లలు తీయలేని మూతలు ఉంటాయి. పొద్దున్న లేవగానే ఖాళీ డబ్బాలు కడిగేయడం బావ డ్యూటీ.

కలపకూడనివి, గమనించాల్సినవి

మొదటి శత్రువు ఆల్కహాల్. మందూ మందూ కలిస్తే అంటూ మనం మీమ్స్ వేస్తాం. ఇక్కడ అది జోకు కాదు. రెండూ శ్వాసని అణిచేసేవే. సగం గ్లాసు వైన్ తాగిన రాత్రి కూడా ఈ మందు తీసుకోకూడదు. మామూలు నిద్రమాత్రలతో కలపడం కూడా పూర్తిగా నిషిద్ధం. ఓపియాయిడ్ నొప్పి మందులు, ఆందోళన తగ్గించే మందులు, కండరాలు సడలించేవి, మత్తొచ్చే జలుబు మాత్రలు, ఏది వాడాల్సి వచ్చినా ముందు డాక్టర్‌కి చెప్పాలి. మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ ఒంట్లో ఈ మందు మోతాదుని పెంచేస్తుంది, అది వాడేవాళ్ళకి డోసు తగ్గిస్తారు. పన్ను పీకించుకోడానికి వెళ్ళినా సరే, ఈ మందు వాడుతున్న సంగతి దాచకూడదు.

రెండో విషయం ఉప్పు. 9 గ్రాముల డోసులో సుమారు 1640 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అంటే 4 గ్రాముల పైచిలుకు ఉప్పు తిన్నట్టే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అందుకే 2020లో సోడియం 92 శాతం తగ్గించిన జైవేవ్ అనే మందు వచ్చింది. అర్ధరాత్రి లేవక్కర్లేకుండా రాత్రికి ఒకేసారి తీసుకునే లమ్‌రైజ్‌కి 2023లో అనుమతి వచ్చింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం డాక్టర్ నిర్ణయమే.

గురక, స్లీప్ ఆప్నియా ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికే ఆగి ఆగి వచ్చే శ్వాస ఇంకా మందగించవచ్చు. వికారం, వాంతులు, తల తిరగడం, నిద్రలో నడవడం, పక్క తడపడం లాంటివి రావచ్చు. పక్క తడిసిందని సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పనివాళ్ళుంటారు. అది చెప్పాల్సిన లక్షణం, సిగ్గుపడాల్సింది కాదు. దిగులు, గందరగోళం, చనిపోవాలన్న ఆలోచనలు మొదలైతే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, వెంటనే చెప్పాలి.

మందు తాగిన మనిషి ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస మరీ నెమ్మదించినా అది "మంచి నిద్ర" కాదు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి, శ్వాస గమనిస్తూ ఉండాలి. ఈ మందుకి విరుగుడు ఇంజెక్షన్ లేదు. ఆసుపత్రిలో శ్వాసని నిలబెట్టడమే వైద్యం. అక్క వాళ్ళ ఫ్రిజ్ మీద మందు పేరు, డోసు, తాగే టైమ్, ఎమర్జెన్సీ నంబర్ రాసిన కాగితం ఎప్పుడూ ఉంటుంది.

మన హాస్టల్ సంగతి

ఇది చదివి "నాక్కూడా నార్కొలెప్సీ ఉందేమో, రెండో పీరియడ్‌కే తల వాలిపోతోంది" అనుకుంటున్నారా? రాత్రి మూడింటిదాకా గేమ్ ఆడి, ఎనిమిదింటికి క్లాసుకొస్తే వచ్చేది నార్కొలెప్సీ కాదు, న్యాయం! ముందు రెండు మూడు వారాలు సరిపడా నిద్రపోయి చూడండి. అయినా నిద్ర ఆగకపోతే, నవ్వితే ఒళ్ళు పట్టు తప్పుతుంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రక్తహీనత, థైరాయిడ్, స్లీప్ ఆప్నియా లాంటి కారణాలు కూడా ఉండొచ్చు. పెద్ద నగరాల ఆసుపత్రుల్లో స్లీప్ ల్యాబులున్నాయి. రాత్రంతా నిద్రని రికార్డ్ చేసి, మర్నాడు రెండేసి గంటలకోసారి నాలుగైదు కునుకులు తీయిస్తారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపోయి, కనీసం రెండుసార్లు త్వరగా రెమ్‌లోకి వెళ్తే నార్కొలెప్సీని సూచిస్తుంది. నిద్రపోతే రిజల్ట్ వచ్చే పరీక్ష బహుశా ఇదొక్కటే.

ఇంకో మాట. ఎగ్జామ్స్ ముందు మెలకువ కోసం ఎవరి దగ్గరో మొడాఫినిల్ తీసుకోవడం, నిద్ర పట్టట్లేదని ఫ్రెండ్ స్ట్రిప్‌లోంచి ఒక మాత్ర తీసుకోవడం మామూలే అన్నట్టు మాట్లాడతాం. ఒకరి మెదడులో లోటు కొలిచి, టెస్టులు చేసి రాసిన మందు అది. అదే మాత్ర మన ఒంట్లో వేరే ప్రోగ్రామ్.

వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే ఫ్రెండ్ మీకూ ఉండే ఉంటారు. నిద్రపోతున్న ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేముందు ఒక్కసారి అడగండి, "రాత్రి నిద్ర పడుతోందా?" అని. మా అక్కని పదేళ్ళపాటు అందరం ఎన్నో పేర్లు పెట్టి పిలిచాం. ఆ ప్రశ్న మాత్రం ఎవరం అడగలేదు.

మొన్న వీడియో కాల్‌లో అక్క కారు పార్క్ చేసి మాట్లాడింది. బాబుని ఎనిమిదింటికి స్కూల్లో దింపి వస్తోంది. రెండేళ్ళ క్రితం తను డ్రైవింగ్ పూర్తిగా మానేసింది, ఇప్పుడు డాక్టర్ సరేనన్నాకే మళ్ళీ మొదలుపెట్టింది. నేనేదో పిచ్చి జోకేశాను. గట్టిగా నవ్వింది. చేతిలో కాఫీ కప్పు జారలేదు.